నేల ఎత్తు ఎవరి లెక్క?

అమీర్‌పేటలో జీఐఎస్ కోర్సు చెప్పే ఒకాయన, పంజాగుట్టలో సర్వే కన్సల్టెన్సీ నడిపే ఒకావిడ. మాటలు వాళ్ళవి, పేర్లు వాళ్ళ పేటలవి.

అమీర్‌పేట: మేడమ్, విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్‌తో కొలిచిన నేలను ఒకసారి తెరిచి చూసుకోవడానికి మా పిల్లలు లక్షలు పోసి లైసెన్సు కొనాలంటారా? క్యూజిస్ ఉంది కదా. 2002లో అలాస్కాలో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టాడు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3.18 నుంచి ఆ లేజర్ కొలతల్ని, అంటే లైడార్ చుక్కల్ని, నేరుగా చూపిస్తోంది. 2023లో వచ్చిన 3.32 నుంచి వాటిని కోయడం, కలపడం, వడగట్టడం కూడా లోపలే చేస్తోంది. పక్కన పీడాల్, గ్రాస్ ఉన్నాయి. మూడింటికీ రూపాయి ఇవ్వక్కర్లేదు. అమీర్‌పేటలో లైడార్ నేర్పితే వీటితోనే నేర్పాలి. అదీ మేం సిద్ధం చేసిపెట్టిన ల్యాబ్‌లో కాదు, పిల్లాడు తన లాప్‌టాప్‌లో తనే మొదటినుంచీ పెట్టుకుని నేర్చుకోవాలి.

పంజాగుట్ట: డబ్బు ఇవ్వక్కర్లేదనండి, ఒప్పుకుంటా. ఖర్చు లేదని మాత్రం అనకండి సార్. పోయినేడు మా ఆఫీసులో చేరిన అబ్బాయికి ఈ పనే అప్పజెప్పాను. ఒక చుక్కల ఫైలు గ్రాస్‌లోకి దింపి నేల పటం తీయాలి. మూడు రోజులైనా ఫైలు దిగలేదు. ఏదో పాత పాఠం చూసుకుంటూ 'ఆర్ డాట్ ఇన్ డాట్ లైడార్' అని కొడతాడు, అలాంటి కమాండే లేదంటుంది. అది లిబ్‌లాస్ మీద నడిచే కమాండు. లిబ్‌లాస్ పాతబడి దాని చోట్లోకి పీడాల్ వచ్చింది, కమాండు 'ఆర్ డాట్ ఇన్ డాట్ పీడాల్' అయింది. అది కూడా గ్రాస్‌ను తయారుచేసిన వాళ్ళు పీడాల్ కలిపి తయారుచేస్తేనే ఉంటుంది. ఇదంతా వాడికి ఎవరు చెప్పాలి? మూడు రోజుల జీతం పోయింది, క్లయింటు దగ్గర మాట పోయింది. ఆ ఖర్చు ఏ పద్దులో రాయను?

అమీర్‌పేట: ట్రైనింగ్ పద్దులో రాయండి. ఆ అబ్బాయికి ఇప్పుడు తెలిసిందేంటో చూడండి. తెరమీద బొమ్మ చూపేది క్యూజిస్. చుక్కల్ని చదివి వడగట్టేది పీడాల్. ఒక లెక్కలో ఉన్న చోటును ఇంకో లెక్కలోకి మార్చేది ప్రోజ్. నీళ్ళు ఎటు పారతాయో చెప్పేది గ్రాస్. ఒక్క సాఫ్ట్‌వేర్ అనుకున్నది నలుగురి ఉమ్మడి కాపురమని వాడికి అర్థమైంది. మా మొదటి రోజు క్లాసంతా ఇదే. విండోస్ వాళ్ళకు ముందే చెప్తాను, ఒక్కొక్కటి ఒక్కో చోటినుంచి దింపొద్దు, ఓఎస్‌జియోఫోర్‌డబ్ల్యూ అన్న ఒక్క ఇన్‌స్టాలర్ పట్టుకోండి, అన్నీ ఒకదానికొకటి సరిపడే వెర్షన్లు దిగుతాయి అని. మీ అబ్బాయికి ఈ ఒక్కముక్క ముందే తెలిసుంటే మూడు రోజులు మూడు గంటలయ్యేవి.

పంజాగుట్ట: నాకు అన్నం కావాలి సార్, పొయ్యి కట్టడం కాదు. మేం వాడే సాఫ్ట్‌వేర్‌కు ఏటా కట్టే డబ్బు ఎక్కువే, కాదనను. కానీ పొద్దున తెరిస్తే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు. సాయంత్రానికి పటం కావాలన్న క్లయింటుకు నేను లైబ్రరీల కథ చెప్పలేను.

అమీర్‌పేట: పొయ్యి కట్టడం రానివాడికి పొగ ఎందుకొస్తోందో కూడా తెలీదు మేడమ్. గ్రాస్‌లో ఫైలు దింపేముందు రీజియన్ పెట్టాలి. సరిహద్దు ఎక్కడినుంచి ఎక్కడిదాకా, గడి ఎంత అని. పెట్టకపోతే ఇంతకుముందు ఏది ఉంటే అందులోనే దింపుతుంది. మీ చుక్కలు దాని బయటుంటే చేతికొచ్చేది ఖాళీ పటమే. పిల్లలు విసుక్కుంటారు. నేను అప్పుడే బోర్డుమీద ఒక గడి గీస్తాను. భువన్‌లో ఉచితంగా దొరికే కార్టోడెమ్ అనే ఎత్తుల పటంలో గడి 30 మీటర్లు. అంటే 900 చదరపు మీటర్లకు ఒకే ఒక ఎత్తు. మన మెట్రో స్టేషను కప్పు, కింద రోడ్డు, పక్కన ఇడ్లీ బండి, అన్నీ కలిపి ఒక్క అంకె. అదే లైడార్‌లో చదరపు మీటరుకు ఎనిమిది చుక్కలు పడ్డాయనుకోండి, ఆ గడిలోనే 7,200 ఎత్తులు. గడి ఎంత పెట్టాలో వాడే నిర్ణయించుకోవాల్సి వచ్చినప్పుడు కదా, ఆ రెంటికీ తేడా వాడి తలకెక్కేది.

పంజాగుట్ట: గడి తప్పయితే కంటికి కనపడుతుంది. ఖాళీ పటం చూసి ఎవరూ మోసపోరు. నా భయం కనపడని తప్పు గురించి. హుస్సేన్ సాగర్ నిండు నీటిమట్టం 513.41 మీటర్లు. ఈ ఊళ్ళో ఇంజనీర్లకు నోటికొచ్చిన అంకె అది. లేజర్ సర్వే ఎత్తులు మొదట జీపీఎస్ లెక్కలో వస్తాయి, అంటే భూమిని నున్నటి గుండుగా ఊహించుకుని ఆ గుండుమీదినుంచి కొలిచిన ఎత్తు. మనం వాడేది సముద్రమట్టం లెక్క. హైదరాబాద్ దగ్గర ఆ రెంటికీ మధ్య డెబ్బై మీటర్లకు పైనే తేడా. మార్చకుండా దింపితే చెరువు ఒడ్డు నాలుగు వందల నలభై దగ్గర తేలుతుంది. పటం మాత్రం చక్కగా వస్తుంది. గుట్ట గుట్టలాగే, పల్లం పల్లంలాగే, రంగులన్నీ ముచ్చటగా ఉంటాయి. దానిపక్కన పాత డ్రెయినేజీ డ్రాయింగు పెట్టినరోజు తెలుస్తుంది గోడు. మీ పిల్లాడు ఒక్కడే కూర్చుని పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ వాడికి ఈ సంగతి చెప్తుందా?

అమీర్‌పేట: చెప్పదు. మీ లైసెన్సుది మాత్రం చెప్తుందా?

పంజాగుట్ట: అదీ చెప్పదు. నిజమే. మా దగ్గర చెప్పేది నేను. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి.

అమీర్‌పేట: అంటే చెప్పింది మనిషి, సాఫ్ట్‌వేర్ కాదు. ఇంకోటి చూడండి. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో, వికారాబాద్ పక్కన. యూటీఎం లెక్కలో అది 43వ జోను. 78 డిగ్రీల రేఖ దాటాక 44వ జోను. హైదరాబాదంతా 44లోనే, ఈపీఎస్‌జీ 32644. పుట్టింది ఒక జోనులో, పారేది ఇంకో జోనులో. ఒక పిల్లాడు రెండు ఫైళ్ళనూ ఒకే జోను అనుకుని దింపేశాడు, నది కాస్తా తెగిపోయి రెండు ముక్కలు వందల కిలోమీటర్ల దూరాన పడ్డాయి. క్లాసంతా నవ్వింది. ఆ నవ్విన ఇరవైమందీ జన్మలో జోను చూడకుండా ఫైలు దింపరు. అసలు ఆ 78 డిగ్రీల రేఖ మనకు పరాయిది కూడా కాదు. లాంబ్టన్ దక్షిణం కొసనుంచి కొలుచుకుంటూ వచ్చిన మహాచాపం దాదాపు దాని వెంటే సాగింది. 1818లో ఎవరెస్ట్ ఆయన దగ్గర సహాయకుడిగా చేరింది ఈ హైదరాబాద్‌లోనే. ఎవరెస్ట్ పేరున్న లెక్కలోనే మన పాత టోపోషీట్లు ఉన్నాయి, జీపీఎస్ వేరే లెక్కలో ఉంది. ఇన్ని లెక్కలమీద కూర్చున్న ఊళ్ళో మీట నొక్కడం నేర్పితే సరిపోతుందంటారా?

పంజాగుట్ట: సరిపోదు. మీ క్లాసు మంచిదే. నా పేచీ క్లాసుతో కాదు, దాని తర్వాత వచ్చే పొద్దుతో. కోర్సు అయిపోతుంది, పిల్లాడు బయోడేటా పట్టుకుని నా దగ్గరికే వస్తాడు. టెండర్ కాగితంలో ఏ సాఫ్ట్‌వేర్‌లో ఇవ్వాలో పేరుతో సహా రాసి ఉంటుంది. అది చూపిస్తే తెల్లముఖం వేస్తాడు. వాణ్ణి నేనేం చేసుకోను?

అమీర్‌పేట: ఆ పేరున్న సాఫ్ట్‌వేర్ అమీర్‌పేటలో ఎలా నేర్పుతారో మీకూ తెలుసు కదా మేడమ్. ఏ కోర్సయినా సరే, డెమో క్లాసు ఉచితం, మెటీరియల్ జిరాక్సు, సాఫ్ట్‌వేర్ క్రాక్. ఫీజు కట్టిన పిల్లాడి మొదటి పాఠం తాళం పగలగొట్టడం. అలా నేర్చినవాడికి లోపలేం జరుగుతోందో తెలీదు, బయట అడగడానికి మొహం చెల్లదు. నేను నేర్పేది వాడు దర్జాగా ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఖమ్మంలోనో కర్నూల్లోనో కూర్చుని వాడుకోవచ్చు.

పంజాగుట్ట: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. మేం ఆఫీసులో ఒక్కో లైసెన్సు లెక్కపెట్టి కొంటుంటే, క్రాక్‌తో నేర్చినవాళ్ళనే ఉద్యోగంలోకి తీసుకుంటున్నాం. అందులో మా పాలూ ఉంది. అయినా ఈ ఊరి బతుకుతెరువు సంగతి కూడా చూడాలి. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ మొదలై కాగితం పటాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని పట్టుకున్నప్పటినుంచీ పటాల పని హైదరాబాద్‌కు కూడు పెడుతోంది. ఇవాళ్టికీ ఎందరో పిల్లలు అమెరికా కరెంటు లైన్ల వెంట తీసిన చుక్కలకు రంగులు వేస్తూనే జీతం తెచ్చుకుంటున్నారు. ఇది నేల, ఇది చెట్టు, ఇది తీగ అని. నేలకు 2, ఎత్తయిన చెట్టుకు 5, కట్టడానికి 6. ఆ పని చాలావరకు మైక్రోస్టేషన్‌మీద టెర్రాస్కాన్‌తో నడుస్తుంది. చేతి వేగంమీద జీతం. వాళ్ళకు మీ క్యూజిస్ కాదు, కీబోర్డు షార్ట్‌కట్లు కావాలి.

అమీర్‌పేట: ఆ కూటిని నేను తక్కువ చేయను. మా అద్దెలు, మా హాస్టళ్ళు, మా టిఫిన్ సెంటర్లు అలాంటి ఉద్యోగాల ఆశమీదే బతుకుతున్నాయి. కానీ అమీర్‌పేట ఇరవై అయిదేళ్ళ ఫ్లెక్సీలు ఒకదానిమీద ఒకటి అతికించి చూడండి. ప్రతి ఆర్నెల్లకూ ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చింది. పేరు నేర్చినవాడు పేరుతోపాటే పోయాడు. ఆ రంగులు వేసే పనినే రేపు యంత్రం సగం చేసేస్తుంది. యంత్రం ఎక్కడ తప్పిందో పట్టేవాడు మిగులుతాడు. నేల ఏదో కట్టడం ఏదో లెక్క ఎలా తేలుస్తుందో తెలిసినవాడే కదా దాన్ని పట్టేది.

పంజాగుట్ట: సరే, తేల్చడం గురించే మాట్లాడదాం. మీరు చెప్పే పీడాల్‌తో మా పంజాగుట్ట ముక్క ఒకటి వడగట్టామనుకోండి. ఎస్‌ఎంఆర్ఎఫ్ అనే వడపోత పెడతారు. దానికి విండో అని ఒక కొలత, ఏమీ మార్చకపోతే 18 మీటర్లు. ఆ కొలతకు లొంగే చిన్న ఇళ్ళను ఏరిపారేస్తుంది. మాల్ కప్పులాంటి పెద్ద కప్పు దానికి లొంగదు, దాన్ని గుట్ట అనుకుని నేలలో కలిపేస్తుంది. అది పెద్ద కష్టం కాదు, కంటికి ఆనుతుంది. ఫ్లైఓవర్ చూడండి. రెండు చివరలా రోడ్డులోంచి మెల్లగా లేస్తుంది. వాలు నెమ్మది కాబట్టి వడపోత దాన్ని నేలే అనుకుంటుంది. ఆ పటంమీద వాన కురిపిస్తే నీళ్ళు ఫ్లైఓవర్ దగ్గర ఆగిపోతాయి, నడిరోడ్డుమీద ఆనకట్ట కట్టినట్టు. మోడల్ హౌస్ దగ్గర నీళ్ళు నిలిచేది వేరే కారణానికి, మీ పటం చెప్పేది వేరే కారణం. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఆ రంగుల బొమ్మ వాట్సాప్‌లో పెడితే కాలనీ అంతా నమ్ముతుంది.

అమీర్‌పేట: నమ్ముతుంది. కానీ ఆ 18 అన్న అంకె మీకెలా తెలిసింది? రాసి ఉంది కాబట్టి. పీడాల్‌లో మీరు చేసిన ప్రతి పనీ ఒక చిన్న అక్షరాల ఫైల్లో వరసగా ఉంటుంది. ముందు ఇది చదువు, ఇలా వడగట్టు, 2వ తరగతి చుక్కలు మాత్రమే ఉంచు, అర మీటరు గడితో పటం తియ్యి. ఆ ఫైలు నేను మీకు పంపితే మీరు 18ని 60 చేసి మళ్ళీ నడపొచ్చు. ఫ్లైఓవర్ చుక్కల్ని చేత్తో తీసేసి ఇంకోసారి నడపొచ్చు. ఇద్దరి పటాలూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వెతకొచ్చు. మెనూలో మీట నొక్కితే వచ్చిన పటాన్ని అలా విప్పి చూడగలమా? ఎలా వచ్చిందంటే, సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అంటారు.

పంజాగుట్ట: మంచి ఆఫీసులు అవీ రాసుకుంటాయి. కానీ అందరూ రాసుకోరు, అది నిజం. మీకు నచ్చని ఇంకో నిజం చెప్పనా? లైడార్ ఫైళ్ళను కుదించే లాజిప్ రాసింది మార్టిన్ ఈజెన్‌బర్గ్. దాన్ని అందరికీ వదిలేశాడు, ఇవాళ మీ పీడాల్, క్యూజిస్ అన్నీ ఆ లాజ్ ఫైళ్ళనే చదువుతున్నాయి. నేలను వడగట్టే పనిముట్లకు మాత్రం లైసెన్సు పెట్టాడు. లైసెన్సు లేకుండా పరిమితి దాటి వాడితే ఫలితాన్ని కావాలనే కాస్త చెదరగొట్టేవి. జనం తిట్టుకున్నారు. ఆ డబ్బుతోనే కదా ఆయన బతికి లాజిప్‌ను బతికించింది? 2021లో పోయాడు. ఉచితంగా వాడుకున్నవాళ్ళలో ఆయనకు రూపాయి పంపినవాళ్ళెందరు? కిందినుంచి ఎవరో ఒకరు మోస్తేనే పైనవాళ్ళకు ఉచితమవుతుంది సార్.

అమీర్‌పేట: ఇక్కడ నేను తలొంచుతా. బ్యాచ్ తర్వాత బ్యాచ్ వాడుకున్నాం, మా క్లాసులోంచి ఒక్క తప్పు కూడా వాళ్ళకు రాసి పంపలేదు. 2017 జనవరిలో గచ్చిబౌలి ట్రిపుల్ఐటీలో ఫాస్‌ఫోర్‌జీ-ఆసియా సదస్సు జరిగింది. ఓపెన్‌సోర్స్ పటాలవాళ్ళు ఆసియా నలుమూలల నుంచీ మన ఊరికే వచ్చారు. ఇక్కడినుంచి సిటీబస్సు దూరం. నాకు ఆరోజు మూడు బ్యాచ్‌లున్నాయని వెళ్ళలేదు. ఓపెన్‌సోర్స్ అని రోజూ నోరారా చెప్పే నేను దాన్ని ఉచిత భోజనంలాగే తిన్నాను.

పంజాగుట్ట: మీరు ఒప్పుకున్నారు కాబట్టి అసలు ప్రశ్న అడుగుతా. సాఫ్ట్‌వేర్ ఓపెన్, బాగుంది. డేటా ఏది? అమీర్‌పేట లైడార్ ఫైలు మీ పిల్లల చేతికి ఎప్పుడైనా వచ్చిందా?

అమీర్‌పేట: రాలేదు. నేను నేర్పేది నెదర్లాండ్స్ డేటాతో. వాళ్ళు దేశమంతా కొలిచి ఏహెచ్‌ఎన్ అన్న పేరుతో అందరికీ ఇచ్చేశారు. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2015లో తన లైడార్ తెరిచింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థదీ తెరిచే ఉంది.

పంజాగుట్ట: భలే. చాలాచోట్ల సముద్రమట్టానికి దిగువనున్న దేశపు నేలతో దక్కన్ రాతిగుట్టల పాఠం! జూబ్లీహిల్స్ బండలు, యూసుఫ్‌గూడ వాలు, అమీర్‌పేట పల్లం ఎన్నడూ చూడని డేటా అది. అక్కడ పనిచేసిన వాలు కొలత ఇక్కడ పనిచేయదు.

అమీర్‌పేట: పనిచేయదు, అందుకే మార్చడం నేర్పుతున్నా. అయినా తలుపు అసలు తెరుచుకోలేదని ఎలా అంటాం? 2021 ఫిబ్రవరి 15న కేంద్రం జియోస్పేషియల్ మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు అడుగడుగునా అనుమతి కావాలి. ఇప్పుడు మన దేశపు సంస్థలు ముందస్తు అనుమతి లేకుండా సర్వే చేసుకోవచ్చు. ఒక మీటరుకంటే సన్నటి వివరమున్న కొలతలు మనవాళ్ళే తీయాలన్నారు. 2022 జాతీయ విధానం 2030 నాటికి మైదానాలకు 25 సెంటీమీటర్ల స్థాయి ఎత్తు పటం కావాలంది. 2025 ఫిబ్రవరిలో నక్షా పథకం 152 పట్టణాల్లో మొదలైంది, అందులో ఒక పద్ధతి లైడారే. ధాన్యం ఇంటికొచ్చాక గాదె కడతామా?

పంజాగుట్ట: ధాన్యం వస్తుంది, వచ్చి సర్కారు గోదాముకు వెళ్తుంది. సర్వే చేసుకోవచ్చు అన్నారు, సర్కారు డబ్బుతో తీసింది మన సంస్థలకు అందుబాటులో పెట్టాలనీ అన్నారు, చేతికి మాత్రం రాలేదు. తీసినవాడి దగ్గరే ఉంటుంది. మా దగ్గరా ఉంది. క్లయింటుతో ఒప్పందం ఉంటుంది, బయటికివ్వలేను.

అమీర్‌పేట: అదే కదా బాధ. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. 2020 అక్టోబరు 13 రాత్రి మళ్ళీ ఊరు మునిగింది. ఏటా మైత్రీవనం ముందు మోకాళ్ళలోతు నీళ్ళలో మెట్రో పిల్లర్లు పట్టుకుని నడుస్తాం. ఏ సందు ఎంత పల్లమో చెప్పే చుక్కలు ఎవరో ఒకరి హార్డ్‌డిస్కులో పడి ఉన్నాయి. వాటి మధ్య నిలబడ్డవాడికి మాత్రం కనపడవు. ఆ చుక్కలు దొరికినరోజు చదవగలిగినవాళ్ళు పేటకు పదిమందైనా ఉండాలి. అందుకే నేను నేర్పేది.

పంజాగుట్ట: పదిమంది చదివితే పది గీతలు వస్తాయి. ఈ ఊళ్ళో చెరువు నిండు నీటిమట్టం గీత అంటే ఏమిటో తెలుసు కదా. గీతకు ఇవతల ప్లాటు, అవతల కూల్చివేత. నూటికి ఒకటి వాలున్న ఒడ్డుమీద ఎత్తులో అరమీటరు తప్పితే గీత యాభై మీటర్లు జరుగుతుంది. యాభై మీటర్లంటే ఒక వీధి. జీవితమంతా కూడబెట్టి కట్టుకున్న ఇంటిని మీ పిల్లాడు ఒక మధ్యాహ్నం నీళ్ళలో ముంచేస్తాడు, లేదా నీళ్ళలో ఉన్నదాన్ని బయటపడేస్తాడు. అప్పుడు జవాబుదారీ ఎవరు? నేను పటంమీద సంతకం పెడతాను. తప్పయితే నన్ను పిలుస్తారు. సాఫ్ట్‌వేర్‌కు సంతకం ఉండదు, వాట్సాప్‌కు అసలే ఉండదు.

అమీర్‌పేట: ఆ మాట బలమైనదే. కానీ తిప్పి చూడండి. ఇప్పుడా గీత ఒక్కరే గీస్తున్నారు. ఇల్లు పోయేవాడికి అది ఏ లెక్కలో వచ్చిందో అడిగే దారి లేదు, అడిగినా చదవడం రాదు. మీరు సంతకం పెట్టే పటంతోపాటు ఆ అక్షరాల ఫైలు కూడా జతచేస్తారా? ఏ ఎత్తు లెక్క, ఏ వడపోత, ఏ గడి అని?

పంజాగుట్ట: అడిగితే ఇస్తాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అమీర్‌పేట: అడగడం రాదు కాబట్టి అడగలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగాక ఈ ఊరు ఏం చేసింది? ఒకపక్క విశ్వేశ్వరయ్యను పిలిచి చెరువుల ఆలోచన చేసింది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఇంకోపక్క 1912 నుంచి 1915 దాకా లియొనార్డ్ మన్ చేతిమీదుగా నగరాన్నంతా ఇల్లిల్లూ కొలిపించింది. నూరేళ్ళు దాటినా ఆ పటాలు చూసి ఎవరైనా వాదించొచ్చు, ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ దారి ఉండేది అని. కాగితం కాబట్టి కళ్ళుంటే చాలు. చుక్కల పటానికి కళ్ళతోపాటు పనిముట్టు కావాలి. అది కొనగలిగినవాడి దగ్గరే ఉంటే వాదన కూడా వాడిదే అవుతుంది.

పంజాగుట్ట: మన్ పేరు మీరే ఎత్తారు, మంచిది. ఆయన మనుషులు నడిచారు సార్. గొలుసు పట్టుకుని సందుసందునా తిరిగారు. మీ లేజర్ పైనుంచి ఎగురుతుంది. నాలామీద స్లాబు వేస్తే దానికి స్లాబే నేల. కింద ఎంత వెడల్పు కాలువ ఉందో, అది ఎక్కడ పూడిందో తెలీదు. మామూలుగా విమానంలో పెట్టే లేజర్ వెలుగును నీళ్ళు మింగేస్తాయి, నాలా తెరిచి ఉన్నా అడుగు కనపడదు. మెట్రో వంతెన కింద రోడ్డుమీద చుక్కలు సరిగ్గా పడనే పడవు. అమీర్‌పేటలో నీళ్ళు నడిచే దారుల్లో ముఖ్యమైనవి పైనుంచి కనపడనివే. అందుకే చెప్తున్నా, పిల్లాడికి సాఫ్ట్‌వేర్ పెట్టుకోవడం నేర్పడంకంటే ముందు గమ్‌బూట్లిచ్చి నాలా వెంట నడిపించండి.

అమీర్‌పేట: నడిపిస్తాను. ఒక ఆదివారం నడిపించాను కూడా. యూసుఫ్‌గూడ వైపునుంచి మా దాకా వచ్చేసరికి మూడుచోట్ల కాలువ షాపుల కిందికి దూరి మాయమైంది. పిల్లలు ఫోన్లో చుక్క పెట్టుకున్నారు. అలా కొలిచిన కాలువను పటంలో లోతుగా చెక్కడానికి గ్రాస్‌లో దారి ఉంది. రెండూ కలిస్తేనే పటం. నడిచినవాడికి సాఫ్ట్‌వేర్ రావాలి, సాఫ్ట్‌వేర్ వచ్చినవాడు నడవాలి. ఆ రెండోదానికి మీ లైసెన్సు అడ్డం రాదు, మొదటిదానికి వస్తుంది.

పంజాగుట్ట: అడ్డం వస్తుంది, ఒప్పుకుంటా. నడిచేవాళ్ళ దగ్గర డబ్బుండదు. కానీ మీరూ ఒకటి ఒప్పుకోవాలి. పిల్లలు ఎక్కువసేపు తెరముందే ఉంటారు. తెరమీద వచ్చిన నేల నిజం నేలకంటే శుభ్రంగా ఉంటుంది. ఇన్ని కష్టాలు పడి తనే పెట్టుకున్నాడు కాబట్టి, తనే వడగట్టాడు కాబట్టి, దానిమీద మమకారం ఇంకా ఎక్కువ. కొన్న సాఫ్ట్‌వేర్‌ను మేం అనుమానిస్తాం. మీ పిల్లలు తాము పెట్టుకున్నదాన్ని అనుమానిస్తారా?

అమీర్‌పేట: ఆలోచించాల్సిన మాటే. హుస్సేన్ సాగర్ పరీక్ష పెడతాను. ఏ పటం తీసినా 513.41తో సరిచూడకుండా ఎవరికీ చూపొద్దని.

పంజాగుట్ట: అది ఒక చోట. మీ క్లాసు ఏ అంతస్తులో సార్?

అమీర్‌పేట: సెల్లార్లో. పైన అద్దెలు భరించలేం.

పంజాగుట్ట: రోడ్డుకంటే ఎంత పల్లం?

అమీర్‌పేట: తొమ్మిది మెట్లు దిగాలి.

పంజాగుట్ట: లైడార్‌లో అక్కడేముంటుంది?

అమీర్‌పేట: అయిదంతస్తుల కప్పు. నేల తీస్తే ఆ కప్పును ఏరేసి చుట్టుపక్కల రోడ్డు ఎత్తులతో పూడుస్తుంది. మా క్లాసు రోడ్డు మట్టంలో ఉన్నట్టు చూపిస్తుంది. ఆ తొమ్మిది మెట్లూ ఏ చుక్కలోనూ లేవు. ఆ సంగతి మా పిల్లలకు తెలుసు మేడమ్. ఆ గుంటను తామే చేత్తో పెట్టాలని కూడా తెలుసు.

పంజాగుట్ట: మీ పిల్లలకు తెలుసు. పక్క సెల్లార్లో పరీక్ష రాస్తున్నవాళ్ళు చూసేది పటాన్నే కదా.